ఆపద్వేళ ఛాయాగ్రాహకుని ధర్మం

నల్లగొండ జిల్లాలో మిర్యాలగూడెం దాపున నిడమనూరు ఉన్నది. నాగార్జునసాగరం ఎడమ కాలువ ఆ మండలం మీదుగానే సాగిపోతుంది. 2022 సెప్టెంబరు 7వ తేదీన ఆ కాలువకు అక్కడ గండి పడినది. ఏండ్ల తరబడి పైరుకు ప్రాణం పోసిన నీరే ఆ పూట పైరును ముంచినది. దాపునగల గురుకుల పాఠశాల పిల్లలను సురక్షిత స్థలానికి చేర్చవలసివచ్చినది.

కట్ట తెగినదన్న కేక వినబడితే పూర్వం ఊరిజనం పారలు, గంపలు, ఇసుకబస్తాలు పుచ్చుకొని పరుగెత్తేవారు. నేడూ పరుగెత్తుతారు. కాని నేటి మనిషి చేతిలో పారతోబాటు సెల్‌ఫోను కూడా ఉన్నది. ఈ రెండింటిలో ముందు ఏది పైకెత్తాలి? చూడబోతే చిన్న ప్రశ్నయే. అయినా దీని వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర కలదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచివేసినది. సుమారు 30,000 మంది మరణించినారు. ఆ ప్రళయాన్ని నేడు మనం ముఖ్యంగా నివేదికలలోని అంకెల ద్వారానే ఎరుగుదుము. అంకె లెక్క చెప్పగలదు గాని ముఖం చూపలేదు. కనుక ఆపదను చిత్రించడమే తప్పు అనడానికి వీలులేదు. చూడనివారికి చూపేవాడు ఒకడు ఉండవలసినదే.

అటువంటివాడు పన్నెండేండ్లకే వచ్చినాడు. 1876లో వానలు ముఖం చాటువేసినవి. మన పెద్దలు ధాత కరవు అని చెప్పుకొనే ఆ క్షామం 1878 దాకా సాగినది. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలాలు మలమల మాడిపోయినవి. దక్షిణ భారతమంతటా లక్షలాది జనం నశించినారు. ఆ రోజులలో విలోబీ వాలస్ హూపర్ అనే మద్రాసు అశ్వికదళాధికారి క్షామపీడితుల ఛాయాచిత్రాలు తీసినాడు. ఎముకలగూళ్లయిన తల్లులు, బిడ్డలు, వృద్ధులు వరుసగా కూర్చుండి ఆ పటాలలో మనవంక చూస్తుంటారు.

ఆనాటి యంత్రాలతో పటం తీయాలంటే ఎదుటివారు కదలకుండా ఉండాలి. అంటే నిలువలేని మనుషులను ఒకచోట చేర్చి, కూర్చుండబెట్టి, కదలవద్దని చెప్పినారన్నమాట. పటం తీయడం ముగిసిన తరువాత వారికి గంజి అయినా పోయించకుండా పంపివేసినాడన్న అపవాదు హూపరును వెంటాడినది.

అయితే నాణేనికి రెండవ ముఖమూ చూడాలి. ఆ పటాలు ఇంగ్లండు చేరినవి. 1877లో లండను నగర మేయరు తెరిచిన సహాయనిధికి లక్షల పౌనుల విరాళాలు వచ్చినవి. దూరదేశపు దాతల గుండెలు కరిగించిన వాటిలో చిత్రాలు కూడా ఉన్నవి. ఒకే పటం ఒకచోట జాలిని పుట్టించినది. మరొకచోట జాలిలేనితనానికి గుర్తుగా నిలిచినది.

హూపరు కథ అంతటితో ముగియలేదు. 1886లో ఆయన బర్మాలోని మాండలేలో సైనికాధికారిగా ఉన్నాడు. మరణశిక్ష పడిన ఖైదీలకు తుపాకిగుండ్లు తగిలే క్షణాన్నే పట్టుకోవాలని యంత్రం అమర్చినాడన్న ఆరోపణ బయలుదేరినది. ఆ వార్త లండను పత్రికల కెక్కినది, విచారణ జరిగినది, హూపరు మందలింపునకు గురియైనాడు. కరవు పటాల విషయంలో సందేహించిన లోకం ఇక్కడ సందేహించలేదు. ఎందుచేత? ఆ చిత్రం ఎవరినీ ఆదుకొనేది కాదు. మనిషి చివరి క్షణం అక్కడ వేడుక వస్తువైపోయినది.

మరల మన సముద్రతీరానికి వద్దాము. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమను ఉప్పెన కబళించినది. ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది మరణించినారు. ఆ శవాల చిత్రాలను పత్రికలలో చూసి దేశం కన్నీరు కార్చినది. బియ్యం, బట్టలు, సేవకులు తరలివచ్చినారు. చిత్రం తన పని చేసినది. కాని ఆ చిత్రాలలోని ప్రతి శవమూ ఎవరో ఒకరికి తల్లియో, బిడ్డయో, తోబుట్టువో. తనవారిని ఆ స్థితిలో పత్రికలో చూసుకొన్నవారి మనస్సు ఏమైనదో ఊహించుకోవలసినదే గాని చెప్పనలవి కాదు.

1990 మే నెలలో మరొక ఘోరమైన తుపాను ఇంచుమించు ఆ తీరాన్నే తాకినది. ఈసారి మరణించినవారు వెయ్యికి లోపే. ముందుగా హెచ్చరించడమూ, లక్షలాది జనాన్ని తరలించడమూ ఈ మేలుకు కారణాలు. ఆపద తరువాత వచ్చే చిత్రంకన్న ఆపదకు ముందు వచ్చే మాట ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. నేను రేడియోవాణ్ణి గనుక ఈ మాట అంటున్నానని శ్రోతలు నవ్వుకోవచ్చు. ఆ నవ్వు నాకు సమ్మతమే.

తుపానును వెదకుకొంటూ పోయి చిత్రించేవారు కూడా లోకంలో కలరు. అమెరికాలో డేవిడ్ హోడ్లీ అనే యువకుడు 1956లో ఆ వేటకు శ్రీకారం చుట్టినాడంటారు. కేవలం వినోదం కోసం పోయేవారు కొందరు, శాస్త్రం కోసం పోయేవారు మరికొందరు. సుడిగాలి దారిలో పరికరాలు ఉంచి దాని లోగుట్టు కనిపెట్టదలచిన టిమ్ సమారస్ రెండవ కోవవాడు. 2013 మే 31న ఓక్లహామాలోని ఎల్ రెనో వద్ద ఆయన, ఆయన కుమారుడు, సహచరుడు ముగ్గురూ సుడిగాలికి బలియైనారు. ఆనాడు అక్కడి రోడ్లమీద వేటగాండ్ల కార్లు బారులు తీరినవి. తన ప్రాణం పణంగా ఒడ్డే హక్కు మనిషికి ఉన్నదేమో! పారిపోయేవారి దారికి, కాపాడవచ్చేవారి దారికి అడ్డు నిలిచే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

చివరకు మన ముంగిటి మాట. 2024 సెప్టెంబరు 1న కుంభవృష్టితో కోదాడ ప్రాంతమూ, దాని పొరుగున ఖమ్మమూ జలమయమైనవి. ఖమ్మంలో మున్నేరు పొంగి, ప్రకాశ్‌నగర్ వంతెనపై తొమ్మండుగురు చిక్కుకొన్నారు. వాతావరణం బాగులేక హెలికాప్టరు రాలేకపోయినది. రాత్రివేళ ఒక యంత్రచోదకుడు మట్టి తవ్వే తన యంత్రాన్నే వరదలోకి నడిపి, తొమ్మండుగురినీ ఒడ్డుకు చేర్చినాడు. ఆ సాహసం తాలూకు చిత్రాలు దేశమంతా తిరిగినవి. చూసి సంతోషించనివారు లేరు. వాటిని తీసినవారిని తప్పుపట్టనక్కరలేదు. దారికి అడ్డురాలేదు, ఎవరినీ చులకన చేయలేదు, ఒక మంచిపనికి సాక్ష్యం మిగిల్చినారు. అయినా ఆ రాత్రి తొమ్మిది ప్రాణాలు నిలిపినది యంత్రం పట్టిన చేయి.

రేపు మరల ఏ కాలువకో గండి పడవచ్చు, ఏ వాగో పొంగవచ్చు. గట్టున నిలిచిన మనం ముందు చుట్టూ చూదాము. మన చేతికోసం ఎవరైనా ఎదురుచూస్తున్నారేమో చూచి, ఎవరూ లేరని తేలిన తరువాతనే ఫోను పైకెత్తుదాము. ఎత్తినప్పుడైనా, ఆ పటంలో పడేది మన తల్లియే అయితే నలుగురికీ చూపగలమా అని ఒక్కసారి మనస్సును అడుగుదాము.