కాలువ లాకులు – కనఁబడని లాకులు



లాకులనఁగా నేమో కోనసీమవారికి నేను చెప్పనక్కఱలేదు. ఆర్థర్ కాటను దొరగారు 1847వ సంవత్సరమున ధవళేశ్వరము కడ ఆనకట్ట పని నారంభింపఁగా 1852 నాటికది పూర్తియయ్యెను. బొబ్బర్లంక కడ బయలుదేఱిన నీరు లొల్ల లాకుల కడ శాఖలుగాఁ జీలి మన చేలకు వచ్చుచున్నది. నీరు గోదావరిది, పొలము రైతుది. కాని యే దినమున నెంత నీరు వదలవలెనో నిర్ణయించునది లాకులవారికి వచ్చు ఉత్తరువు. నేఁడు నేను చెప్పఁబోవునది యిట్టిదే యగు మఱియొక లాకు చరిత్ర.

మీ మనుమల చేతిలోని సెల్‌ఫోను పంపు సమాచారము టవరునుండి తిన్నగా లోకమునకుఁ బోదు. కంపెనీవారి ద్వారమొకటి దాఁటి పోవలెను. దానిని గేట్‌వే యందురు. ఫోనునకుఁ జిరునామా నిచ్చునది, పోఁదగినదానిని బోనిచ్చునది, లెక్క వ్రాయునది అదియే. మన దేశమున 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ వారు ఇంటర్నెట్టును ప్రజలకందించిరి. తరువాత నది సెల్‌ఫోనులకుఁ బ్రాఁకెను. తొలుత నీ ద్వారము ప్రత్యేకముగాఁ జేసిన యంత్రము. క్రమముగా నది సామాన్యపు కంప్యూటర్లపై నడచు సాఫ్ట్‌వేరుగా మాఱుచు వచ్చినది. ఇనుపతలుపు మార్పవలెనన్న కమ్మరి రావలెను, దారినిఁ బోవువారు చూతురు. సాఫ్ట్‌వేరు మార్చుటకు దూరపు గదిలో నొక పంక్తి వ్రాసినఁ జాలును.

వ్యాకరణమున ఆగమము మిత్రునివలె వచ్చి ప్రక్కన నిలుచుననియు, ఆదేశము శత్రువువలె వచ్చి యున్నదానిని ద్రోసి కూర్చుండుననియు నేను పిల్లలకుఁ జెప్పెడివాఁడను. సాఫ్ట్‌వేరు మార్పులును ఈ రెండు తెఱఁగులవే. ఊరకున్న ఫోను సంబంధమును ద్వారము కొంతసేపటికిఁ ద్రెంచివేయును. ఆ గడువును దగ్గించిరేని ఫోను మాటిమాటికిఁ దలుపు తట్టవలసివచ్చును. బ్యాటరీ త్వరగాఁ దఱుగును. ఫోను చెడినదని మనము అంగడికిఁ బోవుదుము. చెడినది ఫోను కాదు, మాఱినది ద్వారపు నడవడి.

ఇది చిన్న కష్టము. పెద్ద కష్టమును మనము కన్నులారఁ జూచితిమి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా యేర్పడెను. జిల్లా పేరు మార్పు విషయమై మే 24న అమలాపురమున అల్లరులు చెలరేఁగి, ఒక మంత్రిగారి యిల్లును, ఒక శాసనసభ్యుని యిల్లును దగ్ధములయ్యెను. అంతట మొబైల్ ఇంటర్నెట్టు నిలిపివేయఁబడెను. కొన్ని మండలములందు జూన్ నెల ప్రవేశించిన పిదపఁగాని తిరిగి రాలేదు. టవరు కూలలేదు, ఆజ్ఞ మాఱెను. నాలుగవ తరపు జాలమున మాటలుగూడ సమాచారపు ముక్కలుగనే పోవును గాని, వానికి వేఱు దారి కలదు. కాఁబట్టి మాటలను సాగనిచ్చి ఇంటర్నెట్టును మాత్రమే మూయుటయు సాధ్యము.

వదంతి నిప్పువంటిది. దాని నాఁపవలెనన్న ప్రభుత్వపు తలంపును నేను కాదనను. కాని యొక్క తలుపు మూయఁగా దోషితోపాటు నిర్దోషియు వెలుపలనే నిలువవలసివచ్చెను. ఇంటికడనుండి కొలువు చేయు యువకులు సిగ్నలు వెదకుకొనుచు గోదావరి గట్లకుఁ బోయిరి.

వేసవిని గాలువలు కట్టునపుడు అధికారులు తేదీని ముందుగాఁ బ్రకటింతురు. రైతు దానిని బట్టి నారుమడి చూచుకొనును. ఈ కనఁబడని లాకులకును అట్టి మర్యాద యుండవలదా? 2020 జనవరి 10న సుప్రీంకోర్టు అనూరాధా భసీన్ వ్యాజ్యమునఁ దీర్పు చెప్పుచు, నిలుపుదల యుత్తరువులను బ్రకటింపవలెననియు, గడువు లేక నిలుపరాదనియు ఘోషించెను. 2024 నవంబరున వచ్చిన నిబంధనలును, కారణము వ్రాసి ప్రకటింపవలెననియు, ఒక యుత్తరువు 15 దినములు మించరాదనియుఁ జెప్పుచున్నవి.

గ్రామపెద్దలారా, కాలువకు నీరు రానప్పుడు మనము మూఁడు ప్రశ్న లడుగుదుము: ఉత్తరువెవరిది? కారణమేమి? గడువెంత? ద్వారము కంటికిఁ గానరానంత మాత్రమున ఆ ప్రశ్నలను మానరాదు. మీ మనుమలకు సాఫ్ట్‌వేరు తెలియును. అడుగుట మీకుఁ దెలియును. ఈ రెండును గూడినచో ఊరికి మేలు.