నీళ్ళు చూసి కట్టిన ఊళ్ళు

ఉన్న ఊరు వదిలి మరోచోట స్థిరపడదామనే ఆలోచన మీలో ఎవరికైనా వస్తే మొదట ఏమడుగుతారు? ఎకరం ఎంత, నీళ్ళున్నాయా, బడి ఎంత దూరం, ఆస్పత్రి ఉందా అని అడుగుతారు. ఆ నేల ఇవాళ ఏ ప్రభుత్వం కింద ఉంది, రేపు ఎవరి కిందికి పోతుంది, పక్కింటివాళ్ళు ఏం తింటారు, ఏ పండుగ చేస్తారు, ఏ భాషలో పోట్లాడుకుంటారు అని అడిగేవాళ్ళు తక్కువ. తుంగభద్ర ఎడమ కాలువ వెంట గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో ఇల్లు కట్టుకున్న మనవాళ్ళ చరిత్ర చూస్తే, ఆనాడు ఎవరూ గట్టిగా అడగని ఈ రెండో రకం ప్రశ్నలే తర్వాత వాళ్ళ బతుకుల్ని నడిపించాయని తెలుస్తుంది.

తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న పునాది వేశారు. ఎడమ గట్టు నిజాం రాజ్యం, కుడి గట్టు మద్రాసు రాష్ట్రం. రెండు ప్రభుత్వాలూ చెరో పక్కన పునాదిరాయి వేశాయి. కాలువల్లోకి నీళ్ళు వచ్చింది 1953లో. ఈ ఎనిమిదేళ్ళలో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది, మద్రాసు రాష్ట్రం చీలింది. పునాదినాటి రెండు ప్రభుత్వాల్లో ఏదీ ఆనాటి రూపంలో మిగల్లేదు.

కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులకు ఈ కాలువ సంగతి త్వరగానే తెలిసింది. అక్కడ డెల్టాలో భూమి ఖరీదు, కుటుంబాలు పెరిగి కమతాలు చిన్నవయ్యాయి. ఇక్కడ విశాలమైన నల్లరేగడి, జొన్న, పత్తి పండే మెట్ట. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ ఎన్నో ఎకరాలు చేతికొచ్చేవి. అదీగాక వాళ్ళకు ఒక అనుభవం ముందే ఉంది. 1930ల్లో నిజాంసాగర్ కింద బోధన్, వర్ని వైపు వెళ్ళి స్థిరపడినవారి సంగతి బంధువుల నోట విన్నారు. అందుకే ధైర్యంగా బండ్లు కట్టారు. పొలాల మధ్య గుడిసెలు వేసుకుని వాటికి క్యాంపులని పేరు పెట్టుకున్నారు. గుడిసెలు మేడలైనా ఆ పేరు మాత్రం పోలేదు. స్థానికులకు వాళ్ళు ‘ఆంధ్రదవరు’.

ఇప్పుడు రాజకీయ వాతావరణం సంగతి చూద్దాం. 1953లో గంగావతిలో భూమి కొన్న తెలుగు రైతు కర్ణాటకకు రాలేదు. అతను వచ్చింది హైదరాబాదు రాష్ట్రానికి. రాయచూరు జిల్లా అప్పుడు అందులోది. కచేరీలో ఉర్దూ కాగితాలు, సంతలో కన్నడం, తెలుగు రెండూ. పోతే, హైదరాబాదు రాష్ట్రంలో ముల్కీ నిబంధనలుండేవి. 15 ఏళ్ళు నివాసం లేనివాడికి సర్కారు కొలువు దొరకదు. 1952లో దాని మీద పెద్ద ఆందోళనే జరిగింది. అయితే వచ్చినవాళ్ళు కొలువు కోసం రాలేదు, దుక్కి కోసం వచ్చారు కనుక దాన్ని లెక్కచేయలేదు. మూడేళ్ళు గడిచేసరికి, 1956 నవంబరు 1న, కాలు కదపకుండానే వాళ్ళు మైసూరు రాష్ట్రంలో ఉన్నారు. 1973లో అది కర్ణాటక అయింది. ఒకే పొలం, ఒకే పట్టా, మూడు రాష్ట్రాల పేర్లు!

నదికి కుడి పక్కన బళ్ళారిలో ఈ పంపకం ఇంకా చేదుగా నడిచింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకానికి ప్రాణం పోసిన ఊరది. బళ్ళారి రాఘవ తెలుగులోనూ కన్నడంలోనూ వేషం కట్టిన ఊరు. అలాంటి ఊరిని ఎవరికివ్వాలని 1953లో జస్టిస్ మిశ్రాను విచారించమన్నారు. బళ్ళారి మైసూరుకు, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం బళ్ళారి, సిరుగుప్ప, హోస్పేట తాలూకాలను ఆంధ్రకు ఇవ్వమంది. ఆ సిఫార్సు అమలు కాలేదు. ఆ రెండేళ్ళూ బళ్ళారిలో ఇల్లు కొనాలా, ఆదోనిలో కొనాలా అని తేల్చుకోవలసివచ్చినవాడి అవస్థ ఊహించండి.

మరి భాష ఒకటే అయిన చోటికి వెళితే ఈ బాధ ఉండదా? నిజాంసాగర్ కిందికి వెళ్ళినవారిని చూడండి. 1956లో వాళ్ళ పాత ఊరూ కొత్త ఊరూ ఒకే రాష్ట్రంలో చేరాయి. అయినా 1969లో తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు వాళ్ళను బయటివాళ్ళుగానే చూశారు. 2014లో రాష్ట్రాలు మళ్ళీ వేరయ్యాయి. ఇటు కన్నడ నేల మీదికి వచ్చినవాడికి ఆ మొదటిరోజే తాను పరాయివాణ్ణని తెలుసు, కనుక భాష నేర్చుకున్నాడు. భాష కలిసినచోట మనిషికి ఆ జాగ్రత్త తక్కువవుతుందని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు.

సంస్కృతి సంగతికి వస్తే, పరాయితనం మనం అనుకునేంత లేదు. విజయనగర రాజుల ఆనెగొంది గంగావతి పక్కనే. పాల్కురికి సోమనాథుడు తెలుగులో రాసిన బసవపురాణాన్ని 1369లో భీమకవి కన్నడంలోకి తెచ్చాడు. ఉగాది ఇద్దరిదీ. ఎళ్ళ అమావాస్యనాడు ఇక్కడివాళ్ళు పొలంలో పూజచేసి, దారినపోయేవాణ్ణి కూడా కూర్చోబెట్టి భోజనం పెడతారు.

తేడా వచ్చిందల్లా కంచంలోనే, అక్కణ్ణించి కాలువలోకి పాకింది. ఇది కాస్త నిదానంగా చెప్పాలి. ఎడమ కాలువను వేసింది ప్రధానంగా జొన్న, పత్తి వంటి తక్కువ నీటి పైర్లకు, కరువు ప్రాంతంలో వీలైనంత ఎక్కువమందికి ఒక్కొక్క తడి అందాలని. ఏ మడిలో ఏ పైరు వేయాలో కాగితం మీద ముందే నిర్ణయించారు. వరికి కేటాయించింది కొద్ది భాగమే. డెల్టానుంచి వచ్చిన రైతుకు నీళ్ళంటే వరి. చేతిలో ఉన్న విద్య కూడా అదే. కాలువ మొదట్లో భూములు కొని, మడులు కట్టి, రెండు పంటలు వరి పెట్టాడు. స్థానిక రైతులూ చూసి అదే బాట పట్టారు. మిల్లులు వెలిశాయి, గంగావతి సోనా బియ్యానికి పేరొచ్చింది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి ఈ ఆయకట్టంతా పరుచుకుంది. ఇదంతా గర్వంగా చెప్పుకుంటాం. కానీ కాలువ చివర మాన్వి, రాయచూరు వైపు రైతు జొన్నకు కూడా తడిలేక ఎదురుచూశాడు. ఆ ఎదురుచూపులో మన వాటా ఉంది. అక్కడి కోపాన్ని భాషాద్వేషమని కొట్టిపారేయడం న్యాయం కాదు. 1982లో గోకాక్ ఉద్యమం వచ్చినప్పుడు బడిలో కన్నడానికి మొదటి స్థానం కావాలన్నారు. క్యాంపుల పిల్లలు కన్నడంలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ పిల్లలు చాలామంది తెలుగు అక్షరం గుర్తించలేరు. ఉపాధ్యాయుడిగా నాకు బాధ కలిగించేది ఈ ఒక్కటే. వాళ్ళు కన్నడం నేర్చినందుకు మాత్రం కాదు.

నేర్చుకున్నందుకు, ఇక్కడే పుట్టినందుకు ఫలితం కూడా దక్కింది. 98వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 371-జె అధికరణం ఈ ప్రాంతంలో పుట్టినవారికి, స్థిరనివాసులకు చదువుల్లో, ఉద్యోగాల్లో వాటా కేటాయించే వీలు కల్పించింది. ముల్కీ కాలంలో తాతను బయట నిలబెట్టిన ‘స్థానికుడు’ అనే మాట మనవడిని లోపలికి పిలిచింది.

2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయింది. రిజర్వాయరు నిండుగా ఉంది. పూడిక వల్ల సుమారు 133 టీఎంసీల నుంచి 105 టీఎంసీలకు తగ్గిపోయిన నిల్వలో నుంచి కూడా నీళ్ళు నదిపాలవుతుంటే గంగావతి రైతూ, మాన్వి రైతూ, కుడి గట్టున ఆంధ్ర రైతూ లెక్కలు వేసుకున్నారు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో పారే నీళ్ళలోనే ఇనుప పలకలు దింపి వారంరోజుల్లో ప్రవాహాన్ని ఆపారు. ఆ ఏడు వరి నిలిచింది.