ఆసు పోసిన చేతులు

పోచంపల్లి పట్టుచీర తయారీలో మగ్గం మీద జరిగేది దాదాపు చివరి పని. చీరలో కనిపించే ఏనుగు, చిలుక, పువ్వు నేతకు ముందే దారంలో చేరి ఉంటాయి. గీసుకున్న నమూనా ప్రకారం దారాన్ని అక్కడక్కడా బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఈ చిటికి పనికి ముందు పేకదారాన్ని పోగు పక్కన పోగుగా, వరుస తప్పకుండా పరచాలి. దానినే ఆసు పోయడం అంటారు.

ఆసు చట్రానికి ఒకవైపు ఒక్క మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుస మేకులు ఉంటాయి. దారం పట్టుకున్న చెయ్యి ఆ ఒక్క మేకు నుంచి ఎదుటి మేకుకు వెళ్లి, చుట్టి, వెనక్కి రావాలి. ఒక చీరకు ఇలా సుమారు 9,000 సార్లు. అందుకు నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే చెయ్యి 18,000 సార్లు ఆడినట్టు. మధ్యలో లెక్క తప్పితే నమూనా చెదిరిపోతుంది కాబట్టి చూపు కూడా పక్కకు పోకూడదు. ఈ పని తరతరాలుగా ఇంటి ఆడవాళ్లదే. భుజం పట్టేసి, చెయ్యి పైకి లేవని స్థితి ఆ ఇళ్లలో మామూలు విషయమైపోయింది.

ఈ చిటికి విద్య పోచంపల్లి ఉన్న నల్లగొండ ప్రాంతానికి చీరాల నుంచి 1915 ప్రాంతంలో వచ్చిందని చెబుతారు. చీరాల నేతగాళ్లు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో పదేపదే నానబెట్టి ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో తేలియా రుమాళ్లు నేసేవారు. అవి ఏడెన్, అరబ్ దేశాల దాకా ఓడల్లో వెళ్లేవి. ఆంధ్ర తీరంలో బెస్తవాళ్లు తలకు చుట్టుకునేవారు. విదేశాల గిరాకీ పడిపోయాక రుమాలు కొనేవాళ్లు కరువయ్యారు. స్వాతంత్ర్యం తర్వాత హస్తకళల ఉద్యమకారిణి కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారి ప్రోత్సాహంతో అవే నమూనాలు చీరల మీదికి, దుపట్టాల మీదికి ఎక్కాయి. పోచంపల్లి కూడా నూలుతోనే ఆగిపోలేదు. 1950ల్లో అక్కడి నేత సహకార సంఘం ఇద్దరు యువకులను పట్టునేత నేర్చుకోవడానికి కాశీకి పంపింది. ఆ ప్రయాణంతో ఊరి దశ తిరిగింది. చేతికి వచ్చిన విద్యను వదులుకోకుండా, దానికి కొత్త బట్ట, కొత్త బేరం వెతికి ఈ వృత్తి నిలదొక్కుకుంది.

ఇన్ని మార్పుల్లోనూ ఆసు మాత్రం కదలలేదు. నేతకూలి చీరకు ఇంత అని ఇంటి మొత్తానికి వచ్చేది. అందులో ఆసు పోసిన చెయ్యికి విడిగా లెక్క లేదు. లెక్కలో లేని శ్రమను తగ్గించాలన్న ఆలోచన ఎవరికి రావాలి? అది ఆ నొప్పిని రోజూ ఇంట్లో చూసినవాడికే వచ్చింది.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఇంటి పేదరికం వల్ల ఆరో తరగతితో బడి మానేసి మగ్గం మీద కూర్చున్నాడు. తల్లి లక్ష్మి చేతినొప్పితో ఇక ఆసు పోయలేనంది. 1992లో అతను ఆసు పోసే యంత్రం మొదలుపెట్టాడు. ఇంజినీరింగ్ చదువు లేదు, గీసిచ్చేవాళ్లు లేరు. కొంత డబ్బు కూడినప్పుడు ఒక భాగం చేయించడం, అది పనికొచ్చాక తర్వాతి భాగం ఆలోచించడం, ఇదే పద్ధతి. అప్పులు పెరిగాయి, ఊళ్లోవాళ్లు అది జరిగే పని కాదన్నారు. పని సగంలో నిలిచిపోగా హైదరాబాద్ చేరి విద్యుత్ పనుల్లో కుదిరాడు. అక్కడ కూలి డబ్బుతోనే యంత్రం ముందుకు జరిగింది. చివరికి ఒక్క కదలిక మిగిలిపోయింది. 1999లో బాలానగర్‌లోని ఒక కార్ఖానాకు పని మీద వెళ్లినప్పుడు, అక్కడ తిరుగుతున్న ఒక యంత్రంలో తనకు కావలసిన ఆ కదలికే కనిపించింది. దాన్ని తన చట్రానికి అమర్చాడు. ఆసు యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టాడు. ఆ ఏడేళ్లలో అతన్ని నడిపింది పెద్ద ఆశయం కన్నా అమ్మ భుజం నొప్పే అనిపిస్తుంది. ఆగిన ప్రతిచోటా అతను అడిగింది తర్వాతి ఒక్క భాగం గురించే.

లక్ష్మీ ఆసు యంత్రం మీద ఒక చీర ఆసు గంటన్నరలో పూర్తవుతుంది. వందల నేత కుటుంబాలు దాన్ని కొనుక్కున్నాయి. రోజుకు రెండు చీరలకు మించని ఇళ్లలో ఆరు చీరల ఆసు పోయడం వీలైంది. గ్రామీణ ఆవిష్కర్తలను వెలుగులోకి తెచ్చే పల్లెసృజన సంస్థ మల్లేశానికి తోడ్పడింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం మీద ‘మల్లేశం’ సినిమా విడుదలైంది.

యంత్రం చేసేది ఆసు వరకే. నమూనా గీత, చిటికి కట్టడం, రంగు అద్దకం, నేత ఇప్పటికీ చేతిపనులే. ఇలా చిటికి కట్టి నేసే ఇక్కత్‌ను పోలిన అచ్చు బట్ట మిల్లుల నుంచి చవగ్గా వచ్చి వీటి బేరం దెబ్బతీస్తోంది. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. నల్లగొండ ప్రాంతంలోని పుట్టపాకలో ఆ పాత పద్ధతిని పట్టుకున్న నేతగాళ్లు ఇప్పుడు చీరలు, దుపట్టాలతో పాటు రుమాళ్లనూ నేస్తున్నారు.