ఇరవై నిమిషాల పరీక్ష

ఫిలిప్పీన్స్‌లోని దావో విమానాశ్రయం తలుపు తెరుచుకోగానే తడిగాలి మొహానికి అంటుకుంటుంది. ఎండ నీకు కొత్త కాదు. మే నెలలో జూరాల కట్ట మీద నిలబడితే పెదాలు పగిలే పొడి ఎండలో పెరిగినదానివి. ఇది ఇంకో రకం. పెట్టె లాక్కుంటూ ట్యాక్సీ దాకా వెళ్లేలోపే బట్టలు వీపుకు అతుక్కుపోతాయి. మూడింటికి మబ్బు కమ్ముతుంది, వాన దిగుతుంది, కాసేపటికి వెలుస్తుంది. రేపూ ఇంతే, ఎల్లుండీ ఇంతే. ఈ ఊళ్లో వాన పడని నెలంటూ లేదు. భూమధ్యరేఖకు దావో ఏడు డిగ్రీల దూరంలో ఉంది, గద్వాల పదహారు డిగ్రీల దూరంలో. పటంలో రెండూ ఉష్ణమండలమే. ఆ మాటను నువ్వింకా నమ్ముతున్నావు.

ఇది 2018. పెట్టెలో గోంగూర పచ్చడి, కారంపొడి, చిన్న కుక్కర్. నీట్‌లో అర్హత వచ్చింది, సీటు రాలేదు. అప్పటికి ఉమ్మడి పాలమూరు మొత్తానికీ ఉన్న ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఒక్కటే, 2016లో మహబూబ్‌నగర్‌లో తెరిచినది, 150 సీట్లు. ప్రైవేటులో బీ కేటగిరీ సీటంటే ఏడాది ఫీజే పది లక్షలు దాటుతుంది. మీ నాన్న మల్దకల్ దగ్గర సీడు పత్తి వేస్తాడు. విత్తన కంపెనీల తరఫు ఆర్గనైజర్ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు, మీ అమ్మ పుస్తెలతాడు బ్యాంకులో పెట్టాడు. ఇక్కడ రెండు మూడేళ్ల ఫీజుతో అక్కడ చదువంతా అయిపోతుందని కాగితం మీద లెక్క రాసి చూపించాడు. మీ తాత బొంబాయి పోయింది మట్టి పనికి. పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిచిన మనుషుల్లో ఒకడు. మీ ఇంటి నుంచి సముద్రం దాటి వెళ్తున్నది నువ్వే మొదలు.

బజాడాలో జీప్నీ అనే షేర్ జీపు దిగుతావు. 1976లో మొదలైన దావో మెడికల్ స్కూల్ ఫౌండేషన్ ఇక్కడే. కారిడార్లో నడుస్తుంటే ముందు చెవిన పడేది తెలుగు. కర్నూలు యాస, వరంగల్ యాస, మధ్యలో మన గద్వాల నడిగడ్డ యాస కూడా. ఈ ఊళ్లో వేలమంది భారతీయ విద్యార్థులున్నారు, తెలుగువాళ్లకైతే మెస్సులే ఉన్నాయి. సాయంత్రం బండ్ల మీద దూరియన్ పండ్లు కోస్తుంటే ఆ వాసనకు నువ్వు వీధి అవతలికి దాటుతావు. ఇంటికి ఫోన్ చేయాలంటే లెక్క చూసుకోవాలి, ఇక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది.

డాక్టర్ చదువు వెంటనే మొదలవదు. ఫిలిప్పీన్స్‌లో ముందు డిగ్రీ ఉంటేనే ఎండీలోకి రానిస్తారు. అక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటిదే, నాలుగేళ్లు. అందుకే ముందు బీఎస్, తర్వాత ఎన్‌మ్యాట్ అనే ప్రవేశ పరీక్ష, ఆ తర్వాతే ఎండీ.

రెండో ఏడాది, 2019 సెప్టెంబరు. ఆ నెల 19న ఆ దేశం పోలియో మళ్లీ వచ్చిందని ప్రకటిస్తుంది. మనీలాలోనూ, నువ్వు రోజూ తిరిగే ఈ దావోలోనూ మురుగు, కాలువ నీటి నమూనాల్లో వైరస్ దొరికింది. వీధుల్లోకి బరంగాయ్ ఆరోగ్య కార్యకర్తలు వస్తారు. బరంగాయ్ అంటే అక్కడి గ్రామపంచాయతీ లాంటి యూనిట్, ఆ కార్యకర్తలు మన ఆశాల లాంటివాళ్లు. ఐస్ డబ్బా, చుక్కల సీసా, పిల్లల వేలి మీద సిరా గుర్తు. మీ అమ్మ నిన్ను చంకనెత్తుకుని గద్వాల బస్టాండు బూత్‌కు తీసుకెళ్లిన ఆదివారాలు గుర్తొస్తాయి. భారతదేశంలో చివరి కేసు 2011 జనవరిలో, పోలియో లేని దేశమన్న గుర్తింపు 2014లో. మన దగ్గర పాఠంగా మిగిలిపోయిన రోగం ఇక్కడ ఇంటింటి తలుపూ తట్టిస్తోంది. ఎందుకని అడిగితే పక్కింటి ఆంటీ డెంగీ టీకా పేరెత్తుతుంది. 2016లో ఎనిమిది లక్షలకు పైగా పిల్లలకు వేయడం మొదలుపెట్టి, 2017 చివర్లో ఆపేశారు. అంతకుముందు డెంగీ రాని పిల్లలకు అది ముప్పు పెంచవచ్చని తయారుచేసిన కంపెనీయే చెప్పింది. అప్పటి నుంచి కొందరు తల్లులు ఏ టీకాకూ పిల్లల్ని ముందుకు తేవడం లేదు. నమ్మకం విరిగితే రోగం ఎటు నుంచి తిరిగొస్తుందో పుస్తకంలో చదవాల్సిన పని నీకు లేకుండా పోయింది.

2020 మార్చి. కొవిడ్. ఇంటికి బయలుదేరిన సీనియర్లు కొందరు కౌలాలంపూర్ విమానాశ్రయంలో చిక్కుకుంటారు, ఫిలిప్పీన్స్ నుంచి, మలేషియా నుంచి వచ్చే ప్రయాణికులకు మన దేశం తలుపులు మూసింది. చివరికి వాళ్లను ప్రత్యేకంగా విశాఖకూ ఢిల్లీకీ చేరుస్తారు. ఆ తర్వాత కొన్ని నెలలకు నువ్వూ ఇల్లు చేరతావు. ఎండీ మొదటి ఏడాది మీ ఇంటి వసారాలో మొదలవుతుంది. దావోలో ఎనిమిది గంటల క్లాసు, మల్దకల్‌లో తెల్లవారుజాము ఐదున్నర. తెర మీద అనాటమీ, ఇయర్‌ఫోన్లో ఫిలిపినో మేడం గొంతు. క్లాసు అయ్యాక తోటలోకి పోతావు. నిన్న సాయంత్రం కూలీలు గిల్లి పెట్టిన ఆడ మొగ్గల మీద మగపువ్వు పుప్పొడి రుద్దాలి. అలా క్రాసింగ్ చేసిన పత్తి గింజ మీదే నీ ఫీజు నిలబడి ఉంది. ఆ ఏడాది మనిషి శరీరాన్ని నువ్వు చేత్తో ముట్టలేదు. వైద్యవిద్యలో అది చిన్న లోటు కాదు. మన జాతీయ మెడికల్ కమిషన్ ఆన్‌లైన్ కాలాన్ని ప్రత్యక్షంగా పూడ్చుకుని రమ్మని, లేదంటే ఇంటర్న్‌షిప్ పెరుగుతుందని గట్టిగా పట్టుబట్టినప్పుడు పిల్లలకు కోపం వచ్చింది. కోపం న్యాయమే, నియమమూ న్యాయమే అంటాను. మంచం మీదున్న మనిషికి నువ్వు పాఠం ఏ రూపంలో విన్నావన్నది పట్టదు, నీ వేలికి నాడి అందుతుందా లేదా అన్నదే పడుతుంది.

2022లో సరిహద్దులు తెరుచుకున్నాక మళ్లీ దావో. ఈసారి వార్డులు. తెల్ల యూనిఫాం, ఇరవైనాలుగు గంటల డ్యూటీలు. ప్రతి మంచం పక్కనా ఒక బంతాయ్ ఉంటారు, రోగికి కాపలా ఉండే చుట్టం. ప్లాస్టిక్ స్టూలు మీద నిద్రపోతూ, గ్లాసు అందిస్తూ, సెలైన్ అయిపోతే నిన్ను పిలుస్తూ ఉంటారు. ఉస్మానియా ఆసుపత్రి వరండాలో చాప పరుచుకునే మన అటెండెంట్లే అనిపిస్తుంది. బిసాయా భాషలో నీకు పట్టుబడిన మొదటి ప్రశ్న ‘ఆసా అంగ్ సకిత్’, నొప్పి ఎక్కడ అని. జవాబు సగం అర్థమవుతుంది, మిగతా సగం వాళ్ల చేయి ఎక్కడ పెట్టుకున్నారో చూసి పోల్చుకుంటావు. డెంగీ చూస్తావు, టీబీ చూస్తావు, వరదనీళ్లలో నడిచినవాళ్లకు వచ్చే లెప్టోస్పైరోసిస్ చూస్తావు. మిందనావో పల్లపు పొలాల్లో నత్తల ద్వారా వచ్చే షిస్టోసోమియాసిస్‌తో కాలేయం చెడిన రైతును చూస్తావు. పాలమూరులో ఏ డాక్టరూ దాన్ని అనుమానించడు, అనుమానించాల్సిన అవసరమూ లేదు. పాముకాటు కూడా చూస్తావు, నాగుపాముది. ఆ దేశంలో తయారయ్యే విరుగుడు కూడా నాగుపాము విషానికే. మన రక్తపింజర ఆ దీవుల్లో లేదు. కట్లపామూ లేదు. ఆ రెండింటి పాఠం పుస్తకంలో మార్కర్‌తో గీత గీసి పక్కన పెడతావు.

తిరిగొచ్చాక, విదేశాల్లో వైద్యం చదివినవాళ్లు రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష. మూడు వందల ప్రశ్నలు, నూట యాభై వస్తే పాస్, ఏడాదికి రెండుసార్లు. పదిమందిలో ఎనిమిదిమంది తప్పిన సెషన్లూ ఉన్నాయి. హైదరాబాద్ హాస్టల్లో గోడకు ఆనుకుని చదివిన ఆ నెలల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. పాస్ అవుతావు. కానీ ఆ కాగితంతో డాక్టరు కావు. ఏడాది ఇంటర్న్‌షిప్ ఇక్కడి ఆసుపత్రిలో చేయాలి.

2025. వనపర్తి. నువ్వు విమానం ఎక్కిననాడు ఇక్కడ మెడికల్ కాలేజీ లేదు. 2022 నవంబరు 15న రాష్ట్రంలో ఒకేరోజు ఎనిమిది ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి, వాటిలో వనపర్తి ఒకటి, నాగర్‌కర్నూల్ ఒకటి. 2024లో గద్వాలకూ వచ్చింది. మీ నాన్న కాగితం మీద లెక్క రాసిన రోజుకూ ఈ రోజుకూ మధ్య ఏడేళ్లే.

సెప్టెంబరు, రాత్రి రెండు దాటింది. క్యాజువాలిటీ ముందు ఆటో ఆగుతుంది. నలభై ఏళ్ల మనిషిని ఇద్దరు మోసుకొస్తారు, వెనకాల ముసలి తల్లి.

‘పురుగు ముట్టింది డాక్టరమ్మా. మక్కచేనుకాడ. అడివిపందులొస్తయని కావలికి పోయిండు.’

కుడికాలు మడమ పైన రెండు పాముకోరల గాట్లు. మోకాలి కింద నులక తాడుతో గట్టిగా కట్టేశారు, పాదం నీలమెక్కి ఉబ్బింది. నీ చేతులు తాడు మీదకు పోతాయి. సిస్టర్ నీ మణికట్టు పట్టుకుంటుంది. ఒక్కసారి ఇప్పొద్దు, ముందు సూది పెట్టి సెలైన్ ఎక్కనీయ్, మందు దగ్గర పెట్టుకుని మెల్లగా వదులు చేద్దాం అంటుంది. ఆమె ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉంది. నువ్వు ఆగుతావు.

‘ఎట్లుండె పెద్దమ్మా పురుగు?’

‘లావుగ ఉండెనంట. బుస్సుమని పెద్దగ కొట్టిందంట.’

రక్తం రెండు మిల్లీలీటర్లు తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోస్తావు. ప్లాస్టిక్‌ది పనికిరాదు, గాజు తగిలితేనే రక్తం గడ్డకట్టే పని మొదలవుతుంది. గొట్టాన్ని స్టాండులో నిలబెట్టి గోడ గడియారం చూస్తావు. ఇరవై నిమిషాలు ముట్టుకోకూడదు, కదపకూడదు. పెద్ద యంత్రం అక్కర్లేదు, ల్యాబ్ తెరిచి ఉండక్కర్లేదు, ఏ మండల ఆసుపత్రిలోనైనా అర్ధరాత్రి చేయగల పరీక్ష ఇది. ఇన్ని ప్రాణాలు నిలబెడుతున్న ఇంత చవక పరీక్ష వైద్యంలో ఇంకోటి ఉందో లేదో.

ఈలోగా అతని చిగుళ్లు చూస్తావు. సన్నగా ఎర్రటి తడి. తల్లి నీ పక్కకు వస్తుంది.

‘యాడ సదివినవ్ బిడ్డా?’

‘ఫిలిప్పీన్స్‌ల.’

‘గదేడుంటది?’

‘సముద్రం అవుతల.’

‘ఆడగిట్ట పురుగులుంటయా?’

‘ఉంటయి. ఇసొంటివి ఉండయి.’

ఇరవై నిమిషాలు. గొట్టం వంచుతావు. రక్తం గడ్డకట్టకుండా నీళ్లలా జారి అంచు దాకా వస్తుంది. రక్తపింజర. దావోలో పక్కన పెట్టిన పాఠం నీ చేతిలో ఎర్రగా కదులుతోంది. డ్యూటీ డాక్టరు వచ్చి చూస్తారు. పది వయల్స్, సెలైన్లో కలిపి గంటలో ఎక్కించాలి. మన విరుగుడు నాలుగు పాములకూ కలిపి చేసినది, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. తమిళనాడు ఇరుల తెగవాళ్లు 1978లో పెట్టుకున్న సహకార సంఘం పాములు పట్టి విషం తీసి ఇస్తుంది, ఆ విషాన్ని గుర్రాల్లోకి ఎక్కించి, వాటి రక్తం నుంచి ఈ మందు తయారుచేస్తారు. గుర్రం ప్రోటీను కాబట్టి ఒళ్లు తిరగబడే ప్రమాదం ఉంది. సిస్టర్ అడ్రినలిన్ సిరంజిలో నింపి ట్రేలో పెడుతుంది. మూడు గంటలకు మందు మొదలవుతుంది. పావుగంటకు అతనికి చలి, దద్దుర్లు. మందు ఆపి, అడ్రినలిన్ ఇచ్చి, కుదుటపడ్డాక మళ్లీ మెల్లగా మొదలుపెడతారు. తెల్లవార్లూ గంటగంటకూ మూత్రం ఎంతొచ్చిందో రాస్తావు. ఈ విషం మూత్రపిండాల మీద కూడా పడుతుంది.

నాకు ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. బయట చదివి వచ్చినవాళ్ల ఇంటర్న్‌షిప్‌ను శిక్షలా చూసేవాళ్లున్నారు, ఉచిత కూలీలా వాడుకునే చోట్లున్నాయి. రెండూ తప్పే. ఈ పిల్లలకు తెలిసిన వైద్యం ఒక నేలది, చేయాల్సిన వైద్యం ఇంకో నేలది. ఆ మధ్య దూరాన్ని దాటించే ఏడాది ఇది. పక్కన ఒక సిస్టర్, వెనక ఒక పెద్ద డాక్టరు నిలబడకపోతే ఆ ఏడాది వృథా. వాళ్లను ఫైళ్లు మోయడానికి, ల్యాబ్ కాగితాలు తేవడానికి తిప్పితే నష్టపోయేది మక్కచేను కావలికి పోయే మనిషే.

తొమ్మిదింటికి వార్డుకు ఈ కాలేజీ విద్యార్థులు వస్తారు. మొదటి బ్యాచ్, ఇప్పుడు మూడో ఏడాది. అందులో ఒకమ్మాయి ఊరు ఐజ. ఆదివారం ఇంటికి పోయి సోమవారం బస్సుకు వచ్చేస్తుంది. ఆమె కేస్ షీటు చదివి నీ వంక చూస్తుంది.

‘అక్కా, మందు మొదలై ఆరు గంటలైంది కదా. మళ్లీ క్లాటింగ్ చూడాలా?’

‘చూడాలి. గడ్డకట్టకపోతే మందు మళ్లీ ఇవ్వాలి. నువ్వే తీయి రక్తం.’

ఆమె చేయి కొంచెం వణుకుతుంది. సూది నరంలో దిగుతుంది. గాజు గొట్టం నిలబెట్టి తన ఫోన్లో టైము పెట్టుకుంటుంది. పెట్టుకుని అడుగుతుంది, ‘ఇది మీకు దావోలో నేర్పించారా?’

‘పుస్తకంలో ఉండె. చేత్తో చేయడం ఇక్కడే, ఆ సిస్టరే నేర్పింది.’

సిస్టర్ ఈ మాట వినలేదు. ఆమె అవతలి చివర నుంచి నిన్నే పిలుస్తోంది. కొత్త కేసు, పాన్‌గల్ నుంచి, పత్తికి కొట్టే పురుగుమందు తాగిన కుర్రాడు. నోట్లో నురగ, కనుపాపలు సూదిమొనంత. అట్రోపిన్ తీయమంటోంది. ఐజ అమ్మాయిని గొట్టం దగ్గర ఉండమని చెప్పి నువ్వు అటు పరిగెడతావు.