వెంటిలేటర్ అంటే ఒకప్పుడు మనిషి

పోయిన ఎపిసోడ్‌లో బాత్రూం ఫ్యాన్ల గురించి మాట్లాడుతుంటే టైం అయిపోయి ఒక కథ మిగిలిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను.

ఐటిఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చదివేటప్పుడు ఇంటి ప్లాన్‌లో తలుపుకి డి, కిటికీకి డబ్ల్యూ, బాత్రూం గోడకి పైన ఉండే చిన్న కంతకి వి అని రాసేవాళ్లం. వి అంటే వెంటిలేటర్. మా ఊళ్లో ఇప్పటికీ అదే మాట. కానీ 1736లో లండన్‌లో వెంటిలేటర్ అంటే ఒక మనిషి. చక్రం తిప్పే కూలీ.

అప్పట్లో బ్రిటిష్ కామన్స్ సభ వెస్ట్‌మినిస్టర్‌లోని ఒక పాత చర్చి భవనంలో కూర్చునేది. నిండా జనం, కొవ్వొత్తుల వేడి, ఉక్కపోత. క్రిస్టఫర్ రెన్ అనే పేరుమోసిన ఆర్కిటెక్టు సీలింగ్ మూలల్లో కంతలు పెట్టించాడు. వేడిగాలి పైకి పోవాల్సింది పోయి, పైగదిలోని చల్లగాలి సభ్యుల నెత్తిన దిగేది.

1723లో ఆ పని జాన్ డెసాగులియర్స్ చేతికి వచ్చింది. ఈయన కూడా ఊరు విడిచినవాడే. ఫ్రాన్స్‌లోని లా రోషెల్‌లో పుట్టాడు. అక్కడ ప్రొటెస్టెంట్లకి బతుకు లేకుండా పోతే, పసితనంలోనే ఇంగ్లండ్ చేర్చారు. ఆయన పైగదుల్లో నిప్పు పెట్టించి, ఆ వేడితో కింది గాలిని పైకి లాగించాడు. బాగానే పనిచేసింది. అయితే ఆ పైగదులు హౌస్‌కీపర్ అధీనంలో ఉండేవి. ఆమెకి ఈ గొడవ నచ్చలేదు. సభ బాగా వేడెక్కేదాకా నిప్పు ముట్టించేది కాదట. అప్పటికి పైగాలి కిందికి దిగడం మొదలై, సభ ఇంకా ఉడికిపోయేదని ఆయనే రాసుకున్నాడు. సైట్‌లో పనిచేసిన ఎవరికైనా ఈ కథ తెలిసిందే. డ్రాయింగ్ కరెక్టే, పైన ఏం జరుగుతుందో చూసే నాథుడు లేడు.

అందుకే 1736లో ఆయన నిప్పు మీద నమ్మకం వదిలి 7 అడుగుల చక్రం పెట్టించాడు. చుట్టూ పెట్టె, లోపల రెక్కలు. మధ్యలోంచి గాలి పీల్చి, అంచు నుంచి గొట్టంలోకి తోసేది. ఇప్పటి సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ ఇదే, మోటారు ఒక్కటే తక్కువ. ఆ మోటారు పని చేసిన మనిషిని వెంటిలేటర్ అని పిలిచేవాళ్లు. 1880ల్లో అమెరికాలో షూలర్ వీలర్ కరెంటు ఫ్యాన్ చేశాడు. చెయ్యి తిప్పే పని ఇప్పుడు తప్పింది.

గొట్టం సంగతి మాత్రం తప్పలేదు. ఇక్కడ గల్ఫ్‌లో ఏసీ కోసం బిల్డింగులు మూసేస్తాం, బాత్రూంకి కిటికీ ఉండదు. నేను హ్యాండోవర్‌కి ముందు చూసిన ఒక క్యాంపులో వరుసగా అన్ని బాత్రూంల ఫ్యాన్లూ తిరుగుతున్నాయి, గోడలకి మాత్రం నల్ల బూజు. ఫాల్స్ సీలింగ్ పలక ఎత్తితే ఫ్లెక్సిబుల్ డక్ట్ మూతి అక్కడే పడి ఉంది, బయట జాలీ దాకా పోనేలేదు. స్నానం చేసిన ఆవిరంతా సీలింగ్ మీదే. సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, ఫ్యాన్ తిరుగుతుందా అని మాత్రమే చూసి.

డక్ట్‌ని వీలైనంత పొట్టిగా, మడత పడకుండా లాగాలి. తలుపు కింద వేలెడు సందు ఉండాలి, లేకపోతే పీల్చడానికి గాలి రాదు. టైల్ కటింగ్ దుమ్ముకి ఈ ఫ్యాన్ వేయకండి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటకి రాదు. ఫ్యాన్‌కి ప్లాస్టిక్ కట్టి, నీళ్లు పోస్తూ బయట కోయండి, మంచి మాస్కు పెట్టుకోండి.

మీ రూంలో ఫ్యాన్ జాలీకి టిష్యూ పేపర్ అంటుకుంటే లాగుతున్నట్టే. కానీ అక్కడితో ఆగకండి, నేను ఆగింది అక్కడే. బయటికెళ్లి గోడ మీది జాలీ ముందు చెయ్యి పెట్టండి. గాలి తగలకపోతే సీలింగ్ పలక ఎత్తించండి.