రేకు ట్యాంకుకు మాటు: పాత క్యాంపర్ వ్యాన్ల మరమ్మతు చరిత్ర

పాత క్యాంపర్ వ్యాన్‌లో పెట్రోలు ట్యాంకు ఎక్కడ కారుతుందన్నది మూడు విషయాలను బట్టి ఉంటుంది: ట్యాంకును ఎక్కడ బిగించారు, దేనితో చేశారు, అందులో ఎలాంటి పెట్రోలు పోశారు. ఈ మూడూ మారినప్పుడల్లా మరమ్మతు పద్ధతీ మారింది. జర్మనీలో తయారైన ఫోక్స్‌వ్యాగన్ టైప్-2 వ్యాన్ల కథలో ఈ మార్పులన్నీ వరుసగా కనిపిస్తాయి.

1950 మార్చిలో వోల్ఫ్స్‌బర్గ్‌లో ఈ వ్యాన్ తయారీ మొదలై, 1956లో హానోవర్‌కు మారింది. 1951 నుంచి వెస్ట్‌ఫాలియా సంస్థ వీటిలో పడకలు, అరలు అమర్చి క్యాంపర్లుగా మలిచింది. ఇంజన్ వెనక ఉండటంతో ట్యాంకునూ దాని పక్కనే పెట్టారు. తొలి బళ్లలో అది 40 లీటర్లది. 1967లో వచ్చిన రెండో తరంలో దాదాపు 60 లీటర్ల ట్యాంకును ఇంజన్ ముందున్న గోడ వెనక బిగించారు. దాన్ని బయటికి తీయాలంటే సాధారణంగా ముందు ఇంజన్ దించాల్సిందే. వేడి ఇంజన్ పక్కనే పెట్రోలు కారడం మహా ప్రమాదం. చాలా ఏళ్లపాటు ఈ ఇంజన్ల పెట్టెను మెగ్నీషియం మిశ్రమలోహంతో పోత పోశారు. అది అంటుకుంటే ఆర్పడం ఎంతో కష్టం.

ఆ కాలపు కార్ల ట్యాంకులను ఎక్కువగా సీసం, తగరం కలిపి పూత పూసిన ఉక్కు రేకుతో చేసేవారు. రాగి పాత్రకు కళాయి ఎలాగో ఈ ట్యాంకుకు ఆ పూత అలాగ: అది ఉన్నంతకాలం లోపల తుప్పు పట్టదు. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచితే చిక్కు మొదలవుతుంది. ఖాళీ ట్యాంకు గోడలకు తేమ పడుతుంది. నీరు పెట్రోలు కన్నా బరువు కనుక అడుగుకు చేరుతుంది. పూత పోయినచోట సూదిమొన అంత రంధ్రాలు పడతాయి. సెలవుల్లో మాత్రమే తీసే బండి కావడం వల్ల క్యాంపర్‌కు ఈ జబ్బు మరీ ఎక్కువ.

తొలి తరం మెకానిక్కులకు తెలిసిన మందు మాటు వేయడమే. ముందుగా కారుతున్న చోటును కనిపెట్టాలి. ట్యాంకును దించి, తుడిచి ఆరబెట్టి, అతుకుల వెంట సుద్దపొడి పూసి, లోపల కిరోసిన్ పోసి వదిలేసేవారు. ఊట ఉన్నచోట తెల్లటి సుద్ద మీద ముదురు చార తేలేది. ఆ చోటును లోహం మెరిసేదాకా గీకి, జింక్ క్లోరైడ్ ద్రావణం రాసి, కాల్చిన రాగి కడ్డీతో టంకం పారించేవారు.

ఈ పనిలో ప్రాణాలు తీసేది పెట్రోలు ఆవిరి. గాలిలో అది సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకే పేలుతుంది. అందుకే నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదకరం. పాత పనివాళ్లు ట్యాంకును నీటి ఆవిరితో కడిగేవారు. రంధ్రం పైకి వచ్చేలా వంచి, దాని కిందిదాకా నీళ్లు నింపాకే కడ్డీ ఆనించేవారు. ఈ జాగ్రత్త లేకుండా గ్యాస్ వెల్డింగు చేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు.

1960, 70లలో ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్ మీదుగా భారత్, నేపాల్‌లకు ఈ వ్యాన్లలో ఎందరో వచ్చారు. దారిలో ట్యాంకు కారితే, అక్కరకొచ్చేది సబ్బు బిళ్ల. పెట్రోలులో సబ్బు కరగదు కనుక రంధ్రంలోకి రుద్దితే తర్వాతి ఊరిదాకా ఆగుతుంది. నీళ్లు తగిలితే మాత్రం కొట్టుకుపోతుంది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో విమానాల ట్యాంకుల అతుకులు మూయడానికి పాలీసల్ఫైడ్ రబ్బరు వాడారు. తర్వాత కార్ల ట్యాంకుల్లో పోసి తిప్పే లోపలిపూతలూ, ఎపాక్సీ ముద్దలూ బజారులోకి వచ్చాయి. తుప్పును పూర్తిగా వదిలించి, ఆరబెట్టాక పోసిన పూత ఏళ్లు నిలుస్తుంది. తుప్పు మీదే పోసినది పొరలుగా ఊడి, పెట్రోలు గొట్టానికి అడ్డం పడుతుంది.

1979లో వచ్చిన మూడో తరంలో ట్యాంకును ముందు సీట్ల కిందికి మార్చారు. ఇంజన్ వేడి దూరమైంది కానీ, కారే చోటు రేకు నుంచి రబ్బరుకు మారింది. ట్యాంకు పైనుంచి గాలి గొట్టాలు వెళ్లే రబ్బరు బిగింపులు వయసుతో గట్టిపడి పగులుతాయి. నిండుగా పోయించినప్పుడే కారి, కాస్త తగ్గగానే ఆగిపోతే ముందుగా వీటినే అనుమానించాలి. ఇక్కడ మాటు పనికిరాదు. ట్యాంకు దించి రబ్బర్లన్నీ ఒకేసారి మార్చాలి.

ఇథనాల్ కలిపిన పెట్రోలు మరో మలుపు. 10 శాతం కలిపిన ఇంధనం జర్మనీలో 2011లో, బ్రిటన్‌లో 2021లో వచ్చింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను ఉబ్బించి మెత్తబరుస్తుంది, సీసం పూతనూ కొన్ని పాత లోపలిపూతలనూ దెబ్బతీస్తుంది. దాంతో ట్యాంకు బాగుచేసినప్పుడే ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయడం మరమ్మతులో భాగమైంది.

1973లో ఫోక్స్‌వ్యాగన్ పసాట్ కారుతో భారీ ఉత్పత్తిలోకి వచ్చిన ప్లాస్టిక్ ట్యాంకు తర్వాతి దశాబ్దాల్లో రేకును చాలావరకు తప్పించింది. పాత వ్యాన్లకు మిగిలింది రేకు ట్యాంకే. ఒకటి రెండు రంధ్రాలుంటే టంకం చాలు. అడుగంతా తుప్పు తిన్నదైతే కొత్త ట్యాంకు వేయడమే సరైన మరమ్మతు.