తల ఏ దిక్కున పెట్టాలి? – గుంతకల్లు పడకగది చెప్పే చరిత్ర



వైద్యవృత్తిలో ఉన్నంతకాలం రోగులు నన్ను తరచుగా అడిగిన ప్రశ్నలలో ఒకదానికి మందులతో సంబంధం లేదు. "సార్, తల ఏ దిక్కున పెట్టి పడుకోవాలి?" అన్నదే ఆ ప్రశ్న. ఇరవై ముప్పై ఏళ్లుగా దానికి తోడు మరికొన్ని వచ్చి చేరాయి. మంచానికి ఎదురుగా అద్దం ఉంటే దంపతుల మధ్య కలహం వస్తుందా? కాళ్లు తలుపు వైపు ఉంటే అరిష్టమా? పడకగదిలో జంట బాతుల బొమ్మ పెడితే కాపురం చక్కబడుతుందా? ఇవి చైనా దేశపు ఫెంగ్ షుయ్ నుండి వచ్చినవి. ఈ ప్రశ్నలను అపహసించడం నా ఉద్దేశం కాదు. ఇంట్లో నిద్ర కరువై, శాంతి కరువై, ఏదో ఒక దారి దొరకకపోతుందా అన్న ఆశతో అడిగేవారే ఎక్కువ. అందుచేత ఈ నియమాలు ఎక్కడ పుట్టాయో, మన గుంతకల్లు దాకా ఎలా వచ్చాయో, మన పడకగదులను నిజంగా మార్చినవి ఏవో చరిత్ర క్రమంలో మీ ముందు ఉంచుతున్నాను.

ఫెంగ్ షుయ్ అంటే 'గాలి, నీరు' అని అర్థం. ఆశ్చర్యమేమిటంటే దీని తొలి గ్రంథాలలో ప్రధాన విషయం పడకగది కాదు, సమాధి. క్రీ.శ. 276–324 మధ్య జీవించిన గ్వో పూ అనే పండితునికి ఆపాదించే 'జాంగ్ షూ' ఖననానికి అనువైన స్థలాన్ని ఎంచుకోవడం గురించి చెప్పే గ్రంథం. పూర్వికుల అస్థికలు మంచి చోట ఉంటే సంతతికి మేలు కలుగుతుందన్నది అందులోని విశ్వాసం. కాలక్రమంలో అదే దృష్టి ఇంటి స్థలానికీ వర్తించింది. వెనుక కొండ, ముందు నీరు, దక్షిణాభిముఖమైన వాకిలి ఉత్తమమన్నారు. ఉత్తర చైనా శీతకాలాన్ని ఊహించుకుంటే ఇందులోని వివేకం మనకు అర్థమవుతుంది. ఉత్తరం నుండి వీచే చలిగాలిని కొండ అడ్డుకుంటుంది. దక్షిణపు వాకిలి గుండా శీతకాలపు ఎండ ఇంట్లోకి వస్తుంది. చలిదేశంలో అది ప్రాణరక్షణ.

ఈ విద్య ఇరవయ్యో శతాబ్దం చివర కొత్త వేషం ధరించింది. చైనాలో సాంస్కృతిక విప్లవకాలంలో దానిని మూఢాచారమని అణచివేస్తే, చైనా వెలుపల అది వర్ధిల్లింది. అమెరికాలో లిన్ యున్ వంటి గురువులు, మలేషియాలో లిలియన్ టూ వంటి రచయిత్రులు దానిని పడకగది, వంటగది, దాంపత్యం, సంపాదన అనే శీర్షికలుగా విడగొట్టి సామాన్యులకు అందించారు. 1990ల చివరికి ఆ పుస్తకాలూ, నవ్వే బుద్ధుడూ, మూడు కాళ్ల కప్పా, గాలిగంటలూ మన బజారులకు చేరాయి. ఆ నవ్వే బుద్ధుడు గౌతమ బుద్ధుడు కాడనీ, పదో శతాబ్దం తొలినాళ్ల బుడై అనే చైనా భిక్షువు రూపమనీ కొనేవారిలో చాలామందికి తెలియదు.

మరి మన సంప్రదాయం ఏమంటుంది? వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో రచించిన బృహత్సంహితలో గృహనిర్మాణానికే గాక మంచాలకూ ఆసనాలకూ ప్రత్యేకాధ్యాయం ఉంది. విష్ణుపురాణం తూర్పుకో దక్షిణానికో తల పెట్టమంటుంది. వైద్యునిగా నన్ను ఎక్కువగా ఆకర్షించింది సుశ్రుత సంహిత. గాయపడిన రోగిని ఉంచవలసిన గది ఎలా ఉండాలో అందులో వివరంగా ఉంది. గది శుభ్రంగా ఉండాలి, ఎండ తగలకూడదు, పెనుగాలి కొట్టకూడదు, పడక ఇరుకుగా ఉండక మెత్తగా పరచి ఉండాలి, తల తూర్పున ఉండాలి అని ఆచార్యుడు నిర్దేశించాడు. తూర్పుకు ఆయన చెప్పిన కారణం అయస్కాంతం కాదు. దేవతలు ఆ దిక్కున ఉంటారు గనుక రోగి శిరస్సు వారికి అభిముఖంగా ఉండాలన్నాడు. అది భక్తికి సంబంధించిన కారణమని ఆయన దాచలేదు. తక్కిన సూచనలన్నీ నేటి వైద్యశాలకూ వర్తిస్తాయి.

అయస్కాంతపు వాదం తరువాత వచ్చి చేరింది. ఉత్తరానికి తల పెడితే భూమి అయస్కాంతశక్తి రక్తంలోని ఇనుమును మెదడుకు లాగుతుందని మీరూ వినే ఉంటారు. భూమే ఒక అయస్కాంతమని విలియం గిల్బర్ట్ తన గ్రంథంలో ప్రతిపాదించింది 1600లో. పురాణకారులకు ఆ ఊహ ఉండే అవకాశం లేదు. పైగా 1840లలో జర్మన్ శాస్త్రవేత్త రైఖెన్‌బాక్ ఇదే అయస్కాంతం పేరు చెప్పి, తలను ఉత్తరానికే పెట్టమని బోధించాడు! ఒకే శక్తి ఒక దేశంలో ఉత్తరాన్ని నిషేధించి, మరొక దేశంలో ఉత్తరాన్నే విధించింది. సత్యమేమిటంటే, రక్తంలోని ఇనుము హిమోగ్లోబిన్‌లో బంధితమై ఉంటుంది. ఇనుపరజను వలె అది అయస్కాంతానికి అంటుకోదు. ఎం.ఆర్.ఐ. యంత్రపు 1.5 టెస్లా అయస్కాంతశక్తి, మన ప్రాంతంలోని భూమి అయస్కాంతశక్తికి 30 వేల రెట్లకు పైమాటే. అందులో అరగంట పడుకున్న రోగి రక్తం ఒక పక్కకు పోగుపడదు. మీ పెద్దల మాట మీద గౌరవంతో ఉత్తరానికి తల పెట్టకపోతే తప్పేమీ లేదు. స్థలం చాలక ఉత్తరానికి పెట్టవలసి వస్తే భయపడవలసిన పనీ లేదు.

ఇక మన ఊరి సంగతి చూద్దాం. ఈ కరవుసీమలో పాతకాలపు ఇల్లంటే మందమైన రాతిగోడలు, దూలాల మీద చౌడుమట్టి కప్పిన మిద్దె, వెలుతురుకు పైన ఒక గవాక్షి. చాలా ఇళ్లలో పశువులను కట్టే చోటు కూడా అదే కప్పు కింద ఉండేది. దంపతులకంటూ ఒక పడకగది కలిగినవారు కొద్దిమందే. వేసవి వస్తే నులకమంచాలు వాకిట్లోకి వచ్చేవి, లేదా అందరూ మిద్దె ఎక్కి పడుకునేవారు. అనగా మన తాతలకు పడక ఒక గది కాదు, ఋతువును బట్టి కదిలే ఒక మంచం.

రైలు వచ్చి ఈ పద్ధతిని మార్చింది. మద్రాసు రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. బళ్లారి, నంద్యాల, ధర్మవరం వైపు మార్గాలు చీలడంతో గుంతకల్లు పెద్ద జంక్షన్ అయింది. 1956లో రైల్వే డివిజన్ కేంద్రమైంది. డ్రైవర్లు, గార్డులు, ఫైర్‌మన్లు కుటుంబాలతో వచ్చి, గదులుగా విభజించిన క్వార్టర్లలో స్థిరపడ్డారు. ఆ ఇళ్లలో నిద్రకు రాత్రి, పగలు అన్న భేదం లేదు. అర్ధరాత్రి కాల్ బాయ్ వచ్చి తలుపు తట్టి డ్యూటీకి పిలిచేవాడు. మధ్యాహ్నం తండ్రి నిద్రపోతుంటే పిల్లలు గొంతు తగ్గించి ఆడుకునేవారు. ఆ నిద్ర మీద ఆ కుటుంబపు సుఖమే కాదు, వెనుక బోగీలలోని వందలాది ప్రాణాలు ఆధారపడి ఉండేవి.

ఇదే కాలంలో పడకగదిని నిజంగా మార్చిన రెండు సంఘటనలు మన తెలుగునాటనే జరిగాయి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. మంచం ఏ దిక్కున ఉన్నా, దాని మీద దోమతెర ఉందా లేదా అన్నదే జ్వరాన్ని నిర్ణయిస్తుందని తేలింది. రెండవది మదనపల్లె వద్ద 1915లో ప్రారంభమైన ఆరోగ్యవరం క్షయ శానిటోరియం. డాక్టర్ ఫ్రిమొట్ మోలర్ దానికి సారథ్యం వహించాడు. మందులు లేని ఆ కాలంలో గాలి, వెలుతురు, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే క్షయకు వైద్యం. కిటికీ మూసి పడుకోవడం ఆరోగ్యానికి చేటన్న భావన అటువంటి శానిటోరియాల నుండి కూడా జనంలోకి వచ్చింది. అయితే కథ అక్కడ ఆగలేదు. మందులు వచ్చాక, ఇరుకిళ్లలో ఉంటూ వాటిని క్రమంగా వాడిన రోగులు కూడా శానిటోరియంలోని రోగులతో సమానంగా కోలుకున్నారని 1959లో వెలువడిన మద్రాసు పరిశోధన నిరూపించింది. గాలి మేలుచేసేదే, కానీ మందుకు అది ప్రత్యామ్నాయం కాదు.

ఇప్పుడు నా అనుభవంలోని ఒక్క ఉదంతం. ఒక రైలు డ్రైవరు దంపతులు నా వద్దకు వచ్చారు. ఆయనకు పగటి నిద్ర పట్టదు, ఆమెకు ఆయన గురకతో రాత్రి నిద్ర పట్టదు. మాటామాటా పెరిగి వేర్వేరు గదులలో పడుకుంటున్నారు. అప్పటికే మంచం మూడుసార్లు తిప్పారు, అద్దం తీసేశారు. ఫెంగ్ షుయ్‌లో పుట్టిన సంవత్సరాన్ని బట్టి మనుషులను తూర్పు వర్గం, పడమటి వర్గం అని విభజించే పద్ధతి ఒకటుంది. దాని ప్రకారం ఇద్దరికీ వేర్వేరు దిక్కులు వచ్చాయట. కలవడానికి వెదికిన శాస్త్రం వారిని మరింత విడదీసింది. వివరంగా అడిగితే, గురక మధ్యలో ఆయన ఊపిరి కొన్ని క్షణాలు ఆగుతోందని ఆమే చెప్పింది. అది స్లీప్ ఆప్నియా. పరీక్ష చేయించి తగిన చికిత్స మొదలుపెట్టాక ఆయన నిద్ర, రక్తపోటు మెరుగుపడ్డాయి. మంచం ఏ దిక్కున ఉందో నేను అడగలేదు.

ఆ పడకగది నైరుతిలో ఉంది. ఇంటి యజమాని గది నైరుతిలో ఉండాలనీ, ఆ మూల బరువుగా, కిటికీలు తక్కువగా ఉండాలనీ ఇప్పటి వాస్తు పుస్తకాలు చెబుతాయి. మన ఎండలలో ఆ గది పడమటి గోడ మధ్యాహ్నమంతా కాగి, రాత్రంతా ఆ వేడిని లోపలికి వదులుతుంది. పైన కాంక్రీటు కప్పూ అంతే. ఉత్తర చైనా చలికి పుట్టిన నియమాన్ని గానీ, ఎక్కడో రాసిన వాస్తు సూత్రాన్ని గానీ గుంతకల్లు వేసవికి యథాతథంగా అన్వయిస్తే జరిగేది ఇదే.

కాబట్టి పాఠకులారా, మీ పడకగదిని అమర్చుకునేటప్పుడు ఈ కొద్ది విషయాలు గుర్తుంచుకోండి. వేసవికి ముందు మిద్దె మీద సున్నం కొట్టించండి. పడమటి గోడకు నీడ కల్పించి, సాయంత్రం ఎదురెదురు కిటికీలు తెరవండి, వాటికి దోమల జాలీ వేయించండి. పగలు నిద్రపోయేవారు ఉంటే మందమైన తెరలు కట్టండి, ఆ వేళ ఇంట్లో నిశ్శబ్దం పాటించండి. సెల్‌ఫోను మంచానికి దూరంగా పెట్టండి. గురకతో పాటు ఊపిరి ఆగుతున్నా, పగలు కునికిపాట్లు పడుతున్నా, రెండు వారాలకు మించి దగ్గు ఉన్నా వాస్తు పండితుని కంటే ముందు వైద్యుణ్ణి కలవండి. అద్దం నచ్చకపోతే తీసేయండి, జంట బాతులు ముచ్చటగా ఉంటే పెట్టుకోండి. కానీ గోడ పగలగొట్టడానికి అప్పు చేసే ముందు, ఒక రాత్రి మీ భార్యనో భర్తనో "నీకు నిద్ర సరిగా పడుతోందా?" అని అడగండి. జవాబును ఓపికగా వినండి.

మీకు, మీ కుటుంబానికి సుఖనిద్ర కలగాలని కోరుకుంటూ, సెలవు.